మూడో డివిజన్

నరసాపురం రేవుకి ఎగువన, ఐసు ఫ్యాక్టరీలో
రాత్రి షిఫ్టు పన్నెండేళ్ళుగా నాదే.
అమోనియా వాసన ఇంటిదాకా వస్తుందని
నా దుప్పటి వేరుగా ఉతుకుతుంది మా నాగరత్తమ్మ.
ఉప్పునీళ్ళ తొట్టిలో మూడొందల అరవై డబ్బాలు.
గడ్డ ఎప్పుడు కడుతుందో గడియారం చూడకుండా చెబుతాను.
కంప్రెసరు గొంతు మారుతుంది, అంతే.

ఆ గొంతు మారేదాకా మేలుకోవాలిగా.
అలా ఫోనులో ఒక దేశం దొరికింది.
ఎక్కడో యూరప్‌లో. పేరు నాకు నోరు తిరగదు.
పెమ్మాడి యోనా పెట్టిన పేరు: మనోళ్ళు.
జనం మన నరసాపురం డివిజనంత కూడా లేరు.
దేశం మొత్తానికి ఒక్కటే మంచు గచ్చు.
పొద్దున పిల్లల పాఠాలు, సాయంత్రం పెద్దాళ్ళ షికార్లు,
అన్నీ అయ్యాక, రాత్రి పది దాటితే, జాతీయ జట్టుకి.
గోలీకి పగలు రొట్టెల బట్టీలో పని.
ఆ పొడుగాయన ఉత్తరాలు పంచుతాడు.

మొదటి ఏడు పంతొమ్మిది గోల్స్ తిన్నారు.
ఒక్కటీ వెయ్యలేదు.
"ఏటండీ, ఆడతన్నారా, జారతన్నారా?" అన్నాడు యోనా.
ఆట అయ్యాక వరసలో నిలబడి, హెల్మెట్లు తీసి,
అవతలివాళ్ళ జెండా పైకి పోతుంటే చూశారు.
అక్కడ గెలిచినవాళ్ళ పాటే పెడతారు.
మనోళ్ళ పాట ఎలా ఉంటుందో
నాలుగేళ్ళు తెలీలేదు మాకు.

మరుసటేడు పదకొండు. ఆపైన ఆరు.
ఐసు పనివాడికి తెలుసు ఇది:
డబ్బాలో నీళ్ళు ముందు నడుమ గడ్డకట్టవు.
గోడని పట్టుకుని పలచటి పొర.
లోపల ఇంకా నీళ్ళే, కదిపితే తొణికేవి.
కొత్త కుర్రాడు ఇక్కడే మోసపోతాడు.
పైన తట్టి చూసి ఎత్తేస్తాడు, నడుం మీద కుమ్మరించుకుంటాడు.
గచ్చు పక్కన నీళ్ళ సీసాలు అందించే పిల్లాడు
నాలుగో ఏటికి జట్టులో కనిపించాడు, మీసం రాకుండానే.

అయిదో ఏడు, ఏప్రిల్ ఉక్క.
చెరువుల మీద ఏరియేటర్లు తెల్లార్లూ తిరుగుతున్నాయి.
రామన్నపాలెం రైతు కొప్పాడి సత్తిరాజుగారు
తెల్లారుజామున పట్టుబడి, రెండొందల దిమ్మలు కావాలని
తువ్వాలు తలకి చుట్టి తలుపు దగ్గరే కూర్చున్నాడు.
స్కోరు రెండు, రెండు. ఇంకా ఆరు నిమిషాలు.
ఫోను కాస్త ఆయన వైపు వంచాను.
"బంతేదయ్యా?"
"బంతి కాదండి, నల్ల బిళ్ళ."
"నాకు కనపడట్లేదు."
"మాకూ రెండేళ్ళు కనపళ్ళేదండి. దాన్ని వెతక్కండి,
ఆళ్ళ మోకాళ్ళు చూడండి."

కరెంటు పోయింది.
కంప్రెసరు ఆగిన చోట
వశిష్ఠ మీద బోటు ఇంజిను ఒక్కటే వినపడింది.
యోనా జనరేటరుకి, నేను వాల్వులకి, పరుగు.
ఫోను సత్తిరాజుగారి చేతిలో ఉండిపోయింది.
డీజిలు ఒకసారి దగ్గింది. మళ్ళీ దగ్గింది. అందుకుంది.

వచ్చి చూస్తే
తలగుడ్డ చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడాయన.
ఫోనులోంచి పాట.
ఎప్పుడూ విననిది. ఎంతసేపని,
దిమ్మ అంచున చుక్క ఊరి, కింద పడేంత.
"ఏదో పాడుతున్నారయ్యా. అందరూ లేచారు.
బాగోదని నేనూ లేచాను."

యోనా గ్రీజు చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాడు,
మొహం నల్లగా అయింది, నవ్వాం.

"గెలిస్తే ఏమిస్తారు?"
"పై డివిజనుకి పంపుతారండి."
"అక్కడ?"
"అక్కడ ఓడిపోతారండి. గట్టిగానే."

వైట్ స్పాట్‌కి వరసగా మూడు పంటలు పోగొట్టుకుని
నాలుగోది పట్టబోతున్న మనిషి,
కాసేపు తడి గచ్చు చూశాడు.
"మంచిదే," అన్నాడు.
తువ్వాలు మళ్ళీ చుట్టుకున్నాడు.
"దిమ్మలు ఎత్తండి."